పర్లాకిమిడిలో నాటక రచయితకి మూడు నెలల రెసిడెన్సీ పెట్టాలనుకుంటున్నాం, సలహాలు కావాలి

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అందరికీ నమస్కారం. మా నాటక సంఘం సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. సొసైటీగా రిజిస్టరైంది. లాభాపేక్ష లేదని బైలాలో రాసుకున్నాం, లాభం కూడా ఎప్పుడూ రాలేదు. ఏటా నాటక పరిషత్తు పోటీలకి ఒక నాటిక పట్టుకెళ్తాం. స్క్రిప్టు గుంటూరు నుంచో విశాఖ నుంచో వస్తుంది. అందులో ఒక అపార్ట్‌మెంటు, అమెరికాలో కొడుకు, వృద్ధాశ్రమంలో తండ్రి. మన ఒడిశా వైపు తెలుగు కొడుకులు సూరత్ మగ్గాల మీదికి వెళ్తున్నారు. వాళ్ళ మీద తెలుగులో నాటిక కావాలంటే ఎక్కడా దొరకడం లేదు.

అందుకని ఈసారి స్క్రిప్టు కొనడం మానేసి రచయితనే పిలిపిద్దామని కమిటీలో అనుకున్నాం. హాలు వెనక మేడ మీద గది ఉంది. నెలకి 20,000, భోజనం, దారిఖర్చులు ఇస్తాం. మూడు నెలలు ఇక్కడే ఉండి రాయాలి, రెసిడెన్సీ అంటే అదే. బళ్ళల్లో పిల్లలకి వర్క్‌షాపులు పెట్టాలి, కాశీనగరం వైపు రైతుల దగ్గరికి, సవర గిరిజనుల ఊళ్ళకి వెళ్ళాలి. ఆఖర్లో పోటీకి పనికొచ్చే నాటిక చేతిలో పెట్టాలి. ఇలాంటివి చూసినవాళ్ళు, చేసినవాళ్ళు చెప్పండి. ఎక్కడ తేడా కొడుతుంది?

నేపథ్యం (బరంపురం)
మంచి ఆలోచన మాస్టారూ. ఆఖరి వాక్యం మాత్రం కొట్టేయండి. పోటీ నాటిక అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. గంటలో తెర పడాలి. ఆడపాత్రలు ఒకటి, మహా అయితే రెండు, ఎందుకంటే నటిని బయట నుంచి తెచ్చుకుని షోకి ఇంత అని ఇవ్వాలి. సెట్టు వ్యానులో పట్టాలి. ముందు వరసలో కూర్చున్న న్యాయనిర్ణేతలకి చివరి పది నిమిషాల్లో కళ్ళు చెమర్చాలి. ఇన్ని కొలతలు ఇచ్చి, ఊరు చూసి రాయమంటే ఆయన ఊరు చూడడు, కొలతలే చూసుకుంటాడు. మీకు మళ్ళీ అపార్ట్‌మెంటు నాటికే వస్తుంది. కొడుకు ఉన్న ఊరి పేరు సూరత్ అని మారుతుంది, అంతే తేడా.

బయట ఇది ఎలా నడుస్తుందో ఒకటి చెప్తాను. అమెరికాలో 2013లో మెలన్ ఫౌండేషన్, హౌల్‌రౌండ్ అనే సంస్థ కలిసి 14 మంది రచయితలని 14 లాభాపేక్ష లేని థియేటర్లలో కూర్చోబెట్టాయి. మూడేళ్ళు జీతం. గుమస్తాకీ లైట్లు వేసేవాడికీ ఎలా నెల జీతం ఉంటుందో రచయితకీ అలాగే. అక్కడి రచయితలు ఎప్పుడూ బాధపడేది ఇదే: థియేటర్లో అందరూ ఉద్యోగులు, నాటకం రాసినవాడు ఒక్కడే అతిథి. మీరు కూడా మనిషికి డబ్బివ్వండి. రాసింది మీకు పనికొస్తుందా లేదా అన్నది తర్వాతి మాట.

మొండి ప్రాంప్టర్ (గుణుపురం)
అమెరికా కబుర్లు బాగానే ఉంటాయి. వాళ్ళకి ఫౌండేషన్లు ఉన్నాయి, మనకి గణపతి చందాలు ఉన్నాయి. దగ్గరలో ఉన్నవాటి మాట చెప్పుకుందాం. కర్ణాటకలో హెగ్గోడు అనే పల్లె ఉంది, వక్కతోటల మధ్య. అక్కడ కె.వి. సుబ్బణ్ణ గారి నాటక సంస్థ నీనాసం 1949లో మొదలైంది. నాటక శిక్షణ బడి 1980లో వచ్చింది, ఊరూరా తిరిగే తిరుగాట 1985లో వచ్చింది. అంటే ముందు ముప్ఫై ఏళ్ళ పాటు ఊరి జనాన్ని ప్రేక్షకులుగా తయారుచేసుకుని ఆ తర్వాత బడి పెట్టారు. మన రాష్ట్రంలోనే భువనేశ్వర్ నాట్యచేతన బృందం 1986 నుంచి ఉంది. వాళ్ళు సైకిళ్ళ మీద పల్లెలకి పోయి ఆడతారు. సైకిల్ మాటలోంచే దానికి సైకో (Cyco) థియేటర్ అని పేరు పెట్టుకున్నారు. సెట్టు సైకిలు మీద పట్టాలి అనే నియమం ఒక్కటి చాలు, నాటకం దానంతటదే మారిపోతుంది.

మీ సంఘం ఇన్నేళ్ళలో మన ఊళ్ళల్లో ఎన్ని షోలు వేసింది? పోటీల్లో కాదు, ఇక్కడ. రచయితని పిలిచే ముందు అది చూసుకోండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
ప్రాంప్టర్ గారూ, దెబ్బ గట్టిగానే కొట్టారు. ఇక్కడ ఏడాదికి ఒక్క షో, అదీ పోటీకి వెళ్ళేముందు రిహార్సల్ లాగా. ఒప్పుకుంటున్నాను. కానీ చందాలిచ్చే షావుకార్లు ఏమంటారో కూడా వినండి. "ఆయన మూడు నెలలు మేడ మీద కూర్చుని ఏం చేశాడు?" అని అడుగుతారు. చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. షీల్డు అయితే అద్దాల బీరువాలో పెట్టి చూపిస్తాం.

నేపథ్యం (బరంపురం)
చదివి వినిపించండి. నాటకం పూర్తవక్కర్లేదు. రెండు రంగాలు చాలు. మీ నటులు కాగితాలు పట్టుకుని కుర్చీల్లో కూర్చుని చదువుతారు. షావుకార్లని ముందు వరసలో కూర్చోబెట్టి టీ ఇవ్వండి. విన్నాక మాట్లాడమనండి. సెట్టు ఖర్చు లేదు, లైట్ల ఖర్చు లేదు. డబ్బిచ్చినవాడికి నాటకం పుట్టడం చూసే అవకాశం ఎక్కడొస్తుంది? అమెరికాలో ఓనీల్ థియేటర్ సెంటర్ 1964లో పెట్టినప్పటి నుంచీ చేసేది దాదాపు ఇదే. రచయిత రాసింది నటులు చదువుతారు, మర్నాడు రచయిత కొట్టేసి మళ్ళీ రాస్తాడు. అదీ అమెరికా కబురే, క్షమించాలి ప్రాంప్టర్ అన్నా.

కాశీనగరం అమ్మాయి
నేను కొన్నాళ్ళు పిల్లలకి నాటకం నేర్పాను కాబట్టి రెండు మాటలు.

మొదటిది. ఇక్కడ అందరూ రచయిత అంటే "ఆయన" అని రాస్తున్నారు. ఆవిడ వస్తే? హాలు వెనక మేడ మీద గది అంటే నేను చూశాను. మెట్లు బయట నుంచి, లైటు లేదు, బాత్రూం కింద హాలు పక్కన, రిహార్సల్ కుర్రాళ్ళందరూ వాడేదే. రాత్రి పదకొండుకి ఒంటరిగా ఉన్న ఆడమనిషి ఆ మెట్లు దిగాలి. గది తలుపుకి లోపల గడియ సరిగ్గా పడుతుందా? ఇవి చూడకుండా ప్రకటన వేస్తే మగవాళ్ళే దరఖాస్తు చేస్తారు. తర్వాత "ఆడవాళ్ళు ఎవరూ రాలేదండీ" అంటారు.

రెండోది పిల్లల సంగతి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. తెలుగు డైలాగులు ఒడియా లిపిలో రాసుకుని బట్టీ పడతారు. గుంటూరు నుంచి వచ్చిన రచయిత నోటుపుస్తకం చూసి "తెలుగు రాదా మీకు?" అన్నాడనుకోండి, మర్నాడు సగం మంది రారు. నా దగ్గరున్న ఒక పిల్ల అమ్మ వేషం వేస్తూ కోపం వస్తే తెలుగులో తిట్టి, టీచరు తలుపు తట్టగానే ఒడియాలోకి మారిపోయేది. ఎవరూ నేర్పలేదు. ఇంట్లో రోజూ జరిగేదే. వచ్చేవాళ్ళకి ఇది వినే చెవి ఉందా అన్నది చూసుకోండి, పెద్ద పేరుందా అన్నది కాదు.

రంగుల డబ్బా (జయపురం)
గడియ సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. మేకప్ వేయడానికి ఊళ్ళు తిరిగేవాణ్ణి, సంఘాలవాళ్ళు ఆడపిల్లలకి చూపించే గదులు చూశాను.

పాతపట్నం రైలు
మాది మీకు కూతవేటు దూరం, ఆంధ్రాలో ఉన్నాం కాబట్టి మాకు నంది నాటకోత్సవాల ఆశ ఉండేది, మీకు అదీ లేదు. వర్క్‌షాపుల మీద ఒక హెచ్చరిక. మా పక్క ఒక సంస్థ (పేరు వద్దు) ఇలాగే ఒక రచయితని పిలిచింది. పొద్దున బడి, మధ్యాహ్నం మహిళా సంఘం, సాయంత్రం కాలేజీ, రాత్రి దాతల ఇంట్లో భోజనం. పాపం ఆయన పెన్ను తియ్యలేదు. "సమాజ సేవ" ఫొటోలు మాత్రం దండిగా వచ్చాయి. వారానికి రెండు సాయంత్రాల కంటే ఎక్కువ అడగొద్దు. పొద్దుటి పూట ఆ మెట్లెక్కి ఎవరూ తలుపు కొట్టకూడదని కాగితం మీద రాసుకోండి. సెక్రటరీతో సహా.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
సెక్రటరీని నేనే. సరే.

నేపథ్యం (బరంపురం)
ఊరి జనంతో పని ఎలా జరుగుతుందో నేను దగ్గరుండి చూసింది చెప్తాను. ఇక్కడ దేరా నేతవాళ్ళ వీధుల్లో, పట్టు నేసే ఇళ్ళల్లో, ఒక రచయిత్రి కొన్నాళ్ళు తిరిగింది. మొదట్లో రికార్డరు పెట్టి "మీ కష్టాలు చెప్పండమ్మా" అని అడిగేది. వాళ్ళు కష్టాలే చెప్పేవారు: నూలు ధర, దళారి, మోకాళ్ళ నొప్పి. టీవీ వాళ్ళకి చెప్పి చెప్పి అలవాటైన మాటలు. కొన్నాళ్ళకి రికార్డరు ఇంట్లో వదిలేసి వెళ్ళి, గుంట మగ్గం పక్కన కూర్చుని ఆ పెద్దావిడకి కండెలు చుట్టిపెట్టడం మొదలుపెట్టింది. అప్పుడు మాట మారింది. అత్తగారు ఫోడ కుంభం అనే చీర అంచు దగ్గర పోగు తెగితే ఎలా తిట్టేదో, మామగారు ఠాకురాణి అమ్మవారి జాతరకి పులివేషం కట్టి ఇంటికొచ్చి రంగు కడుక్కోకుండా అన్నానికి కూర్చుంటే ఎవరు వడ్డించాలని ఎంత గొడవ అయిందో.

రాసింది పట్టుకెళ్ళి అదే వీధిలో చదివింది. అత్త పాత్ర "ఈ మగ్గమే మన ప్రాణం తల్లీ" అంటుంది. పెద్దావిడ చెయ్యెత్తి ఆపేసింది. "మా అత్త అలా అనదు. దీనమ్మ మగ్గం, నడుం ఇరిగిపోతంది అంటాది" అంది. వీధంతా నవ్వింది. ఆ వాక్యం నాటకంలో అలాగే ఉండిపోయింది. అంతకు ముందున్న పేజీలో సగం ఎగిరిపోయింది.

మొండి ప్రాంప్టర్ (గుణుపురం)
బాగుంది. ఆ పెద్దావిడకి ఎంత ఇచ్చారు?

నేపథ్యం (బరంపురం)
చీర పెట్టారు.

మొండి ప్రాంప్టర్ (గుణుపురం)
పట్టు నేసే ఆవిడకి చీర. బాగానే ఉంది.

ఇదే నా గొడవ. రచయితకి నెలకి 20,000. కథ చెప్పినావిడకి చీర, డైలాగు సరిచేసినావిడకి టీ. ఆవిడ మగ్గం ఆపి కూర్చున్న పూట కూలి పోయింది. మీ బడ్జెట్లో "ఊరివాళ్ళ సమయం" అని ఒక పద్దు పెట్టండి, పూటకి ఇంత అని. కరపత్రం మీద, బోర్డు మీద రచయిత పేరు కింద వాళ్ళ పేర్లు వేయండి, వాళ్ళు సరే అంటేనే. వద్దంటే మానేయండి. ఇంటి గొడవలు వీధికెక్కితే తర్వాత ఆ వీధిలో బతకాల్సింది వాళ్ళు, రచయిత రైలెక్కి పోతాడు.

సవర ఊళ్ళ మాట కూడా ఎత్తారు. గిడుగు రామమూర్తి గారు మీ పర్లాకిమిడిలోనే మాస్టారుగా ఉండి సవర నేర్చుకున్నారు, సవరలకి బడులు పెట్టారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. ఆ పని మొదలుపెట్టింది అంతకు ఎన్నో ఏళ్ళ ముందు. మీ రచయిత మూడు నెలల్లో, అదీ వారానికి రెండు సాయంత్రాల్లో, సవర ఊరి మీద నాటకం రాసేస్తాడా? దాన్ని తీసేయండి. లేదా సవర కుర్రాళ్ళల్లో రాసేవాళ్ళని వెతికి వాళ్ళకే గది ఇవ్వండి.

రంగుల డబ్బా (జయపురం)
ఎవరొచ్చినా ప్రహ్లాద నాటకం ఒక రాత్రి పూర్తిగా చూపించండి. జలంతర రాజు రామకృష్ణ ఛొటరాయ్ పేరు మీద నడుస్తున్న నాటకం. జలంతర ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది, నాటకం ఒడిశాలో గంజాం జిల్లాలో బతుకుతోంది. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద హిరణ్యకశిపుడు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. తెల్లవారేసరికి నరసింహుడి ముఖం పెట్టుకున్న మనిషికి పూనకం వస్తే నలుగురు పట్టుకోవాలి. ఆ ముఖానికి పూజ చేస్తారు, మామూలు మాస్కు లాగా సంచిలో పడేయరు. గంటలో కళ్ళు చెమర్చే నాటికలు రాసేవాళ్ళు అక్కడ కూర్చుంటే, రాత్రంతా జనం ఎందుకు లేవకుండా ఉంటారో తెలుస్తుంది. నేనైతే రెసిడెన్సీలో అదొక్కటే తప్పనిసరి అని పెడతాను.

లెక్కల మాస్టారు (రాయగడ)
డబ్బు ఎక్కడి నుంచి, ఎలా తీసుకోవాలన్నది ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. చిన్న సంఘాలకి లెక్కలు రాస్తుంటాను.

మీది సొసైటీ అన్నారు. ఇన్‌కంటాక్స్ వాళ్ళ దగ్గర 1961 చట్టం లెక్కన 12ఏబీ (సంఘానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకి) రిజిస్ట్రేషన్లు ఉన్నాయా? 80జీ ఉంటే పాత పన్ను విధానంలో ఉన్న దాతకి పన్నులో మినహాయింపు వస్తుంది, కానీ 2,000 దాటిన నగదుకి రాదు. కాబట్టి షావుకార్ల చేత చెక్కో యూపీఐయో ఇప్పించండి. ఫ్యాక్టరీల సీఎస్ఆర్ డబ్బు (కంపెనీలు సమాజం పనులకి పెట్టాల్సిన సొమ్ము) కావాలంటే కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో కళలూ సంస్కృతీ ఉన్నాయి, అడగొచ్చు. దానికి సీఎస్ఆర్-1 ఫారం దాఖలు చేసి నంబరు తీసుకోవాలి.

అమెరికాలో ఉన్న మన ఊరివాళ్ళు పంపుతామంటే ఆగి చూసుకోండి. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు (భారత సంతతివాళ్ళకి ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీయుల కిందే లెక్క. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా వాళ్ళ దగ్గర పైసా తీసుకోవద్దు. ఇందులో ప్రేమాభిమానాలు పనికిరావు.

మీ డబ్బు మాత్రమే కాదు, రచయిత తన దారి తను కూడా చూసుకోవచ్చు. కేంద్ర సంస్కృతి శాఖ సీనియర్ ఫెలోషిప్ నెలకి 20,000, జూనియర్ 10,000, రెండేళ్ళు ఇస్తారు. అది దొరికినవాళ్ళకి మీరు గదీ భోజనం ఇస్తే చాలు. బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ కూడా ఉంది, 1995 నుంచి గ్రాంట్లు ఇస్తోంది.

వంశధార ఒడ్డు
ఇన్నాళ్ళూ చదవడమే కానీ ఇక్కడ రాయలేదు. నాటికలు రాస్తాను. ఒక సంఘం నన్ను పిలిచి, గది ఇచ్చి, అన్నం పెట్టి నాటిక రాయించుకుంది. బాగా చూసుకున్నారు, అబద్ధం చెప్పను. తర్వాత దాన్ని నాలుగైదు చోట్ల ఆడారు. ఒకచోట పేరు మార్చారు, ఒకచోట రచయిత దర్శకుడే అయ్యాడు. అడిగితే "మా అన్నం తిని రాసిందే కదా" అన్నారు. కాగితం లేదు. ఏం మాట్లాడను? మీరు మంచివాళ్ళే అయ్యుండొచ్చు మాస్టారూ. కాగితం మాత్రం ముందు రాయండి.

లెక్కల మాస్టారు (రాయగడ)
వంశధార గారూ, కాగితం లేకపోతే చట్టం మీ వైపే ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు వాళ్ళ ఉద్యోగి కానప్పుడు రాసింది మీదే. అన్నం పెట్టినంత మాత్రాన హక్కు మారదు. హక్కు ఇవ్వాలంటే రాతపూర్వకంగా సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ కాగితంలో ఎన్నాళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే అని 19వ సెక్షన్ అంటుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. కాబట్టి మహేంద్రతనయ గారూ, "మొదటి ప్రదర్శన హక్కు మా సంఘానిది, రెండేళ్ళ వరకు, ఆ తర్వాత రచయిత ఇష్టం" అని రాయండి చాలు. వాళ్ళకి మీరు నెల జీతం ఇస్తున్నట్టు ఎక్కడా రాయొద్దు, ఉద్యోగమా కాదా అన్న తగువు వస్తుంది. స్టైపెండు అనండి.

నేపథ్యం (బరంపురం)
నేను పైన జీతం జీతం అని మురిసిపోయాను, లెక్కల మాస్టారు దాని రెండో కొస చూపించారు. నిజంగా ఉద్యోగం ఇచ్చి పీఎఫ్ కడితే వేరే సంగతి. మనకది ఎలాగూ లేదు.

గోపాలపురం గాలి
ఇంతకీ పర్లాకిమిడిని 1936లో ఒడిశాలో కలపకుండా ఉంటే ఈ రెసిడెన్సీ గొడవే ఉండేది కాదు, తెలుగు నాటకాలకి...

మోడరేటర్
ఆ చర్చకి వేరే దారం (థ్రెడ్) ఉంది. అక్కడ రాయండి. ఇక్కడ నాటకం గురించే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
నిన్న కమిటీ కూర్చుంది. గంటన్నర అరుచుకున్నాం. తేలినవి ఇవి. పోటీ నాటిక షరతు తీసేశాం, ఇద్దరు అలిగి వెళ్ళిపోయారు, వస్తారులెండి. వారానికి రెండు సాయంత్రాలే వర్క్‌షాపు. ఆఖర్లో చదివి వినిపించడం ఒకసారి హాల్లో, ఒకసారి ఎవరి కథలు విన్నారో ఆ ఊళ్ళో. ఊళ్ళోదే ముందు. కథ చెప్పినవాళ్ళకి పూటకి 400 అనుకున్నాం. "మన కథ మనం చెప్పుకోడానికి డబ్బెందుకు" అని ట్రెజరర్ గారు అడ్డం తిరిగారు కానీ ఒప్పించాం. ఆ డబ్బు కోసం స్టైపెండు 18,000కి తగ్గింది. సవర ఊళ్ళు ఈసారికి తీసేశాం. మెట్లకి లైటు పెట్టిస్తున్నాం, పైన బాత్రూం కట్టడానికి మేస్త్రీని పిలిచాం. అంచనా విని ట్రెజరర్ గారికి మళ్ళీ టెన్షన్.

ఎప్పుడు పెట్టాలన్నది తేలలేదు. దసరా అయ్యాక వెంటనే అన్నారు కొందరు.

పాతపట్నం రైలు
అక్టోబరు వద్దు. 2013లో ఫైలిన్ తుఫాను, 2018లో తిత్లీ తుఫాను, రెండూ అక్టోబరులోనే. కరెంటు లేక వచ్చినవాళ్ళు కొవ్వొత్తి వెలుగులో కూర్చోవాలి. కోతలు, నూర్పులు అయ్యాక పెట్టండి. రైతులు కూడా అప్పుడే ఖాళీగా మాట్లాడతారు. పరీక్షలు ముంచుకొచ్చేలోపు పిల్లల పని కూడా అయిపోతుంది.

మొండి ప్రాంప్టర్ (గుణుపురం)
స్టైపెండు తగ్గించి కథ చెప్పినవాళ్ళకి ఇవ్వడం నేనడిగిందే, కానీ రచయిత జేబులోంచి తీసి ఇవ్వమనలేదు. ఆ రెండు వేలు నేనూ ఇంకొందరం కలిసి నెలనెలా పంపుతాం. యూపీఐ నంబరు ఇక్కడ పెట్టకండి, మెసేజ్ చేయండి.

కాశీనగరం అమ్మాయి
ప్రకటనలో వయసు, డిగ్రీ అడగకండి. పది పేజీల రాత, ఒక పేజీ ఉత్తరం చాలు. ఇంకో ప్రశ్న. బరంపురంలోనో జయపురంలోనో ఉన్న ఒడియా రచయిత, తెలుగు అర్థమవుతుంది, రాయడం రాదు, దరఖాస్తు చేస్తే?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అది కమిటీలో ఎవరికీ తట్టలేదమ్మా. అడిగితే ఇంకో ఇద్దరు అలుగుతారు. నేనైతే రమ్మంటాను. వచ్చే ఆదివారం మీటింగుకి మీరూ రండి, ఆ మాట మీరే అడగండి.